పాత సామాను అమ్మకంలో మా అసలు లెక్క

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



నల్లగండ్లలో మా సంఘం పాత బట్టలు, ఇంటి సామాను ఫోన్‌లో అమ్మి లాభం ఎట్ల చేసిందో చెప్పమన్నారు. చెప్తాను. కానీ దానికంటే ముందు ఒక తప్పు సరిచేయాలి. పోయిన సంవత్సరం నివేదికలో ఈ పనిలో మా సంఘానికి 38,000 రూపాయల లాభం వచ్చిందని అచ్చయింది. ఆ అంకె నేనే రాసి ఇచ్చిన. అది చదివి ఐదారు సంఘాల వాళ్లు నా దగ్గరకు వచ్చి, మేము కూడా లింకేజీ లోన్ తీసుకొని మొదలుపెడతం అన్నారు. ఇంటికి పోయినాక నాకు నిద్ర పట్టలేదు. ఆ 38,000 లాభం కాదు అక్కా. అమ్మిన పైసల్లో నుండి కొన్న ధర తీసేస్తే మిగిలింది అది. ట్రాలీ ఆటో కిరాయి లేదు అందులో, ఇస్త్రీ లేదు, పోగొట్టుకున్నది లేదు. ఈ రోజు లెక్కల పుస్తకం తెచ్చుకున్నాను. చివర్లో చదువుతాను. అంతవరకు ఓపిక పట్టండి.

ఈ వ్యాపారం మేము కనిపెట్టింది కాదు. నా చిన్నప్పుడు మా వాడకు ఒకామె నెత్తి మీద గంప పెట్టుకొని వచ్చేది. పాత బట్టలకు స్టీలు సామాన్లు అని కేకేసేది. మా అమ్మ రెండు చీరలు, మా నాయిన ప్యాంట్లు మూడు ముందు వేసి, ఒక చిన్న గిన్నె కోసం గంట సేపు బేరం చేసేది. ఆమె ప్రతి గుడ్డనూ వెలుతురుకు పట్టి చూసేది. చిరుగు కనపడితే పక్కన పెట్టేది, ఇంకో చొక్కా తెమ్మనేది. మాకు కోపం వచ్చేది, మన బట్టలను అంత కించపరుస్తదేంది అని. ఇప్పుడు తెలుస్తున్నది, ఆమె లాభమంతా ఆ వెలుతురుకు పట్టి చూడడంలోనే ఉన్నదని. పట్టుచీరలు కొనేవాళ్లు వేరే వచ్చేవాళ్లు. వాళ్లకు చీరతో పని లేదు, జరీ కాల్చి వెండి తీసుకునేవాళ్లు. ఎర్రగడ్డలో ఆదివారం అంగడి, పాత బస్తీ దిక్కు గురువారం జరిగే జుమ్మెరాత్ బజార్ మీకు తెలిసినవే. బాగా పాడైన ఉన్ని బట్టలైతే ఎక్కడో హర్యానాలో పానిపట్ దాకా పోతయి, అక్కడ వాటిని చింపి మళ్లా దారం తీసి దుప్పట్లు నేస్తారు. అంటే మనం పారేసిన గుడ్డ మీద ఎప్పటి నుండో ఎవరో ఒకరు బతుకుతూనే ఉన్నారు. అందుకే పాత గుడ్డలు అమ్ముకుంటున్నరా అని ఎవరైనా మూతి తిప్పితే మీరు సిగ్గుపడకండి.

నల్లగండ్లలో ఈ పని ఎందుకు నడుస్తదంటే, ఇక్కడి మనుషులు నిలకడగా ఉండరు. నేను పెళ్లయి వచ్చినప్పుడు చెరువు, హుడా లేఅవుట్, కొన్ని ఇండ్లు, మిగతాదంతా ఖాళీ జాగా. ఇప్పుడు ఎటు చూసినా ఎత్తు బిల్డింగులే. అందులో ఉండేది ఎక్కువగా గచ్చిబౌలి, మాదాపూర్, నానక్‌రామ్‌గూడ ఆఫీసులకు పోయే పిల్లలు. రెండేళ్లు కిరాయికి ఉంటారు, బెంగళూరులో ఉద్యోగం వస్తది, లేకపోతే అమెరికా వీసా వస్తది, లేకపోతే సొంత ఫ్లాట్ కొంటారు. ఖాళీ చేసేటప్పుడు వాళ్లకు వారం రోజులే టైం. మంచం, మిక్సీ, కర్టెన్లు, పిల్లల సైకిల్ ఏం చేయాలో తెల్వదు. అదే నెలలో పక్క టవర్లోకి ఇంకో జంట దిగుతది, వాళ్లకు అవే కావాలి. ఈ ఇద్దరి మధ్య రోజూ లిఫ్టులో తిరిగేది మన సభ్యులే. వంట చేసేవాళ్లు, ఊడ్చి తుడిచేవాళ్లు, పిల్లలను చూసుకునేవాళ్లు.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఈ గేట్లు మనకు మూసేసిన్రు. మీలో చాలామందికి జ్ఞాపకమే. కొందరు మేడంలు జీతం ఇచ్చిన్రు, చాలామంది ఇయ్యలేదు. ఆఫీసు పని ఇంట్లో నుండే చేసుకోవచ్చని చెప్పేసరికి ఆ పిల్లలు ఊర్లకు పోయిన్రు, ఫ్లాట్లు ఖాళీ చేసి సామాను ఎంతకైనా సరే అని వదిలించుకున్నరు. అప్పుడు కొనడానికి మా దగ్గర పైసలు లేవు, పెట్టుకోవడానికి జాగా లేదు. చూస్తూ ఉన్నం. 2022లో ఆఫీసులు మళ్లా రమ్మన్నయి. మంచాలు, టేబుళ్లు, గిన్నెలు వెతుక్కుంటూ అందరూ ఒకేసారి దిగిన్రు. ఆ సంవత్సరం జూన్‌లో మేము ఐదుగురం సంఘం పొదుపులో నుండి 5,000 రూపాయలు నూటికి నెలకు రూపాయి వడ్డీ మీద తీసుకొని మొదలుపెట్టినం. పనికి వాడే ఫోన్ ఒక్కటే, నాది, దాని అద్దం కూడా పగిలి ఉండె.

మొదట అందరికీ తోచింది బట్టలే. బరువుండవు, జాగా తీసుకోవు, ఇళ్లల్లో ఊరికే ఇస్తారు కూడా. మొదటి పెద్ద మూట లెక్క చదువుతాను. 40 బట్టలు, 1,200 రూపాయలకు కొన్నం, అంటే ఒక్కోటి 30. అందులో 22 అమ్ముడుపోయినయి. 9 కుర్తీలు 120 చొప్పున 1,080. 6 చీరలు 200 చొప్పున 1,200. 7 పిల్లల జతలు 60 చొప్పున 420. మొత్తం 2,700. ఇందులో కొన్న ధర 1,200, ఇస్త్రీ 220, సబ్బులు 80, కవర్లు, ఆటోలు 300. మొత్తం ఖర్చు 1,800. మిగిలింది 900. దానికి ఎంత టైం పట్టిందో మా చిన్న సభ్యురాలు గడియారం చూసి రాసింది. ఉతకడం, ఆరేయడం, ఫోటోలు, మెసేజీలకు జవాబులు, గేటు దాకా పోయి ఇచ్చి రావడం అన్నీ కలిపి 30 గంటలు. గంటకు 30 రూపాయలు పడ్డది. ఇళ్లల్లో పని చేస్తేనే గంటకు అంతకంటే ఎక్కువ వస్తది కదా. మిగిలిపోయిన 18 బట్టలు మా ఇంట్లో మంచం కింద ఏడాది ఉన్నయి, మా ఆయన రోజూ వాటి గురించి ఒక మాట అనేవాడు.

మెసేజీల సంగతి చెప్పాలి. ఫోటో పెట్టగానే ఇరవై మంది "అవైలబులా?" అని అడుగుతారు. ఉంది అంటే పదిహేను మంది మళ్లా పలకరు. ముగ్గురు లాస్ట్ ప్రైస్ అడుగుతారు. ఒకరు వస్తానని రారు. ఒకరు వచ్చి తీసుకుంటారు. ఓఎల్ఎక్స్‌లో పెట్టినా, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో పెట్టినా, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టినా ఇదే. అందుకే 60 రూపాయల గౌనుకూ, 2,000 రూపాయల టేబుల్‌కూ మెసేజీలు సమానంగానే పడతయి. ఇది అర్థం కావడానికి మాకు ఏడాది పట్టింది. చిల్లర బట్టలు ఒక్కొక్కటి అమ్మడం మానేసినం. ఇప్పుడు పిల్లల బట్టలు వయసు ప్రకారం పది జతలు ఒక మూట కట్టి 500కు అమ్ముతం. ఆరు నెలల పిల్లకు బట్టలు కొన్న తల్లికి మళ్లా మూడు నెలల్లో పెద్ద సైజు కావాలి, ఆమే మళ్లా మాకు మెసేజీ పెడతది. పాత నూలు చీరలు మెత్తగా ఉంటయి కాబట్టి అమ్ముడుపోని వాటిని బొంతలు కుడుతున్నం. పురిటి పిల్లలకు పొత్తిగుడ్డలకు కూడా కొందరు అడిగి తీసుకుంటున్నరు, ఉతికి, ఉడుకు నీళ్లల్లో పెట్టి, ఎండలో ఆరేసి ఇస్తం.

పట్టు, చేనేత చీరలు వేరే లెక్క. అవి తెలిసి కొనాలి. పోచంపల్లి చీర అయితే దారాన్నే ముడులు వేసి రంగులద్ది నేస్తారు కాబట్టి ముందు, వెనుక రంగు ఒక్కతీరుగనే ఉంటది. అచ్చు వేసిన చీర తిరగేస్తే వెనుక వెలిసినట్టు కనపడతది. పట్టు అవునా కాదా అని అనుమానం ఉంటే కొంగు చివర ఒక్క పోగు తీసి కాల్చి చూడండి. పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన వస్తది, బూడిద వేళ్ల మధ్య పొడి అయితది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ఉండ కడతది. మడతల దగ్గర చీర పగిలిందా చూడాలి, బీరువాలో ఏండ్ల తరబడి మడత మార్చకపోతే పట్టు అక్కడే చిట్లుతది. ఇది మా అత్తమ్మ నేర్పింది, ఏ ట్రైనింగ్‌లోనూ చెప్పలేదు.

ఇక సామాను. మాకు అన్నిటికంటే బాగా పోయేది పిల్లల సామాను: వాకర్, ఊయల, ఎత్తు కుర్చీ, మూడు చక్రాల సైకిల్. తర్వాత వంటింటి సామాను. స్టీలు గిన్నె కొనేటప్పుడు నేను అయస్కాంతం ముక్క తీసుకపోతాను. అడుగున అతుక్కుంటే, అడుగు సమంగా ఉంటే, ఇండక్షన్ పొయ్యి మీద పనికొస్తది. కొత్తగా కిరాయికి దిగేవాళ్లు చాలామంది ఇండక్షన్ పొయ్యే వాడతారు కాబట్టి వాళ్లు అదే అడుగుతారు. కుక్కర్ అయితే రబ్బరు, సేఫ్టీ వాల్వ్ కొత్తవి వేయకుండా అమ్మం. మా ఇంట్లో నీళ్లు పోసి మూడు విజిల్స్ వచ్చేదాకా చూసి, అప్పుడే ఫోటో పెడతం. పైపూత లేచిన నాన్‌స్టిక్ పెనాలు ఊరికే ఇచ్చినా తీసుకోము. మిక్సీ అయితే ఆన్ చేసి వీడియో పంపుతం, చప్పుడు వినపడాలి.

పెద్ద సామానులో లాభం కనపడతది గానీ అది కండ్లకే. ఒక చదువుకునే టేబుల్ 800కు కొన్నం. 2,000కు అమ్మినం. 1,200 మిగిలింది అని సంతోషపడ్డం. ట్రాలీ ఆటోకు 400, మరలు, పాలిష్‌కు 150 పోయినయని తర్వాత రాసుకుంటే మిగిలింది 650. ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నం. కొనేవాళ్లు దొరికే దాకా టేబుల్ ఉన్నచోటే ఉంటది. ముందు ఫోటో పెడతం, ఎవరో ఒకరు ఒప్పుకొని బయానా ఇచ్చినాకే కదిలిస్తం, ట్రాలీ కిరాయి కొన్నవాళ్లదే. అమ్మేవాళ్లకు ఖాళీ చేసే తేదీ ఉంటది కాబట్టి వారం ముందే మాకు చెప్పమంటం. శూన్యమాసంలో ఇల్లు మారరు. ఆషాఢం రాకముందు ఒక తాకిడి, శ్రావణం రాగానే ఇంకో తాకిడి. ఆ రెండు నెలలకు పైసలు చేతిలో పెట్టుకోండి. ఇంకోటి, ఇనుప మంచానికి శనివారం రమ్మని ఎవరినీ పిలవకండి. ఇద్దరు వస్తామని ఒప్పుకొని, శనివారం ఇనుము ఇంటికి తెచ్చుకోవద్దని పెద్దవాళ్లు అన్నారని ఆగిపోయిన్రు. నాకు నవ్వొచ్చింది గానీ ట్రాలీ కిరాయి నా మీదే పడ్డది.

ఇప్పుడు చెప్పేది నాకు చెప్పడానికి కష్టమైనది. అది జరిగింది ఒక బతుకమ్మ పండుగకు పది రోజుల ముందు. మా సంఘంలో ఒక అక్క ఒక గేటెడ్ కమ్యూనిటీలో రెండు ఇండ్లల్లో చేసేది. ఒక ఇంట్లో వంట, ఒక ఇంట్లో ఊడ్చి తుడవడం. వంట చేసే ఇంట్లో మేడం బీరువా సర్దుతూ ఒక సంచి నిండా బట్టలు ఇచ్చింది. నువ్వు తీసుకో అన్నది. అందులో ఒక పోచంపల్లి పట్టుచీర ఉంది. అక్క నా దగ్గరకు తెచ్చింది. నేను తిరగేసి చూసి, అసలుదే అని సంతోషపడి, అప్పుడే వాకిట్లో పరిచి ఫోటో తీసి, 1,800 అని గ్రూపులో పెట్టిన. ఆ గ్రూపు అదే కమ్యూనిటీ వాళ్లది. ఎవరు ఇచ్చిన్రు, చెప్పి తెచ్చినవా అని నేను అక్కను ఒక్క మాట అడగలేదు.

పది నిమిషాల్లో ఆ మేడం స్నేహితురాలు చూసింది. ఇది మీ చీరే కదా అని ఆమెకు పంపింది. గ్రూపులో ఇంకెవరో ఇంట్లో పనివాళ్ల సంచులు చూస్తున్నరా లేదా అని రాసిన్రు. దొంగతనం అన్న మాట ఎవరూ రాయలేదు గానీ అందరికీ అదే అర్థమైంది. తెల్లారి అక్కను సెక్యూరిటీ గేటు దగ్గర ఆపిన్రు. ఆమె నాకు ఫోన్ చేసి మాట్లాడలేదు, ఏడుస్తున్నది, అంతే.

నేను, మా రెండో లీడర్ పోయినం. గేటు దగ్గర గంట కూర్చున్నం. మేడం కిందికి వచ్చింది. చెడ్డ మనిషి కాదు. సెక్యూరిటీతో నేనే ఇచ్చిన చీర అని అందరి ముందు చెప్పింది, గ్రూపులో కూడా రాసింది. తర్వాత మమ్మల్ని పక్కకు తీసుకపోయి, అది మా అత్తమ్మ పెట్టిన చీర, ఈమె కట్టుకుంటదని ఇచ్చిన, అమ్ముతరని తెలిస్తే ఇచ్చేదాన్ని కాదు అన్నది. నాకు నోట మాట రాలేదు. ఇచ్చినాక ఆమెది కాదు కదా, ఏమన్నా చేసుకోవచ్చు కదా అని మీలో కొందరు అంటారు. నేనూ దార్లో అదే అనుకుంటూ పోయిన. కానీ ఆమె మొహం చూసినాక ఆ మాట అనలేకపోయిన. ఆమె ఇచ్చింది మా అక్కకు, గ్రూపులో ఉన్న రెండొందల మందికి కాదు. చీర మడత పెట్టి తిరిగి ఇచ్చినం.

వంట పని నిలబడ్డది. రెండో ఇల్లు మాత్రం పోయింది. ఆ ఇంటి వాళ్లు ఏమీ అనలేదు, వేరే మనిషి దొరికింది అన్నారు. నెలకు 3,000. అంటే 1,800 చీర కోసం నెలకు 3,000 పోయింది. తప్పు నాది, పని పోయింది ఆమెకు. సంఘంలో తీర్మానం రాసి, ఆమెకు కొత్త ఇల్లు దొరికే దాకా రెండు నెలలు 3,000 చొప్పున ఈ వ్యాపారం పైసల్లో నుండి ఇచ్చినం. ఆ 6,000 నేను నివేదికకు ఇచ్చిన లెక్కలో చూపలేదు. సిగ్గు అయింది, అందుకు చూపలేదు.

ఆ తర్వాత నుండి మేము ఏది తీసుకున్నా ముందే చెప్తం. అమ్మా, మేము సంఘంలో అమ్ముతం, మీకు ఇష్టమేనా అని అడుగుతం. ఊరికే ఇచ్చినా అడుగుతం. ఇష్టం లేదంటే అది కట్టుకోవడానికే, అమ్మకానికి కాదు. అమ్మితే వచ్చినదాంట్లో సగం మీకు ఇస్తం అని కూడా చెప్తం. చాలామంది వద్దు మీరే ఉంచుకోండి అంటారు, కొందరు తీసుకుంటారు. తీసుకున్నవాళ్లే మళ్లా మళ్లా పిలుస్తున్నరు, అది నేను అనుకోలేదు. ఏం తెచ్చినా ఇంటివాళ్లతో చిన్న చీటీ మీద సంతకం పెట్టించి గేటు దగ్గర చూపిస్తం. కొన్ని కమ్యూనిటీల్లో గేట్ పాస్ ఫోన్‌లోనే ఇస్తారు, అదైనా సరే. చీటీ లేకుండా ఒక్క గ్లాసు కూడా బయటకు తేవద్దు. ఒక ఇంట్లో ఇచ్చినవి అదే కమ్యూనిటీ గ్రూపులో పెట్టం.

అమ్మేటప్పుడు కూడా ఇదే. ఉన్న లోపం ముందే చెప్తం. మొదట్లో మేము మరక ఉన్న దిక్కు మడిచి ఫోటో తీసేవాళ్లం, ఒప్పుకుంటున్నా. ఇంటికి తీసుకపోయి చూసి తిట్టి వాపసు ఇచ్చేవాళ్లు, ఆటో పైసలు మనవే. ఇప్పుడు మొదటి ఫోటోనే మరకది పెడతం, పక్కన స్కేలు పెట్టి. బట్టలకు ఎం, ఎల్ అని రాయం, ఒక్కో కంపెనీది ఒక్కో తీరు ఉంటది. టేపుతో ఛాతీ ఎన్ని ఇంచులు, పొడుగు ఎన్ని ఇంచులు అని రాస్తం. తెలుగులో నోటితో చెప్తే ఫోనే రాసుకుంటది, పదో తరగతి చదువు చాలు. మా పాప ఒకటి చెప్పింది. అమెరికాలో ఈబే అని పెద్ద అమ్మకాల సైటు ఉన్నదట, 1995లో పియర్ ఒమిడియార్ అనే ఆయన పెట్టిండు. అందులో మొదట అమ్ముడుపోయింది ఒక పాడైపోయిన లేజర్ పాయింటర్, గోడ మీద ఎర్ర చుక్క పడే చిన్న లైటు. 14 డాలర్ల 83 సెంట్లకు పోయింది. ఇది పాడైందని మీకు తెలుసు కదా అని ఆయన కొన్నాయనను అడిగితే, నేను పాడైనవే పోగు చేస్తాను అన్నడట. చెప్పి పెడితే పాడైంది కూడా పోతది. మేము కాలు విరిగిన కుర్చీని, కాలు విరిగింది అని రాసి 150కు అమ్మినం. వడ్రంగి ఆయనే వచ్చి తీసుకపోయిండు.

మోసం సంగతి ఇదివరకు ఆర్పీ అక్కలు చెప్పే ఉంటారు, అయినా మా దగ్గర జరిగింది వినండి. వ్యాపారం పైసలు మా ఒక చెల్లె ఖాతాలో ఉండేవి. సోఫా ఫోటో చూసి ఒకాయన ఫోన్ చేసిండు. మిలిటరీలో చేస్తాను, రాలేను, బండి పంపుతాను, పైసలు ఇప్పుడే వేస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయి అన్నడు. ఆమె స్కాన్ చేసింది, పిన్ కొట్టింది. 4,500 పోయినయి. పైసలు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు అక్కా. పిన్ కొట్టినమంటే మన దగ్గర నుండి పోతున్నయని అర్థం. స్కాన్ చేసేది ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు కాదు. అంతకంటే పెద్ద తప్పు ఏందంటే ఆమె రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కొడతరని భయం, సంఘంలో తిడతరని భయం. 1930కి అప్పుడే ఫోన్ చేసి ఉంటే బ్యాంకులో ఆపే అవకాశం ఉండేది. మేము మూడో రోజు చేసినం. కంప్లయింటు నంబరు వచ్చింది, పైసలు రాలేదు. కాబట్టి మీ సంఘంలో ఎవరికైనా ఇట్ల అయితే తిట్టడం తర్వాత, ముందు 1930 కొట్టండి. పైసలు వేసిన అని ఫోటో చూపిస్తే నమ్మొద్దు, మన ఖాతాలో పడ్డట్టు మన ఫోన్‌లో చూసుకున్నాకే సామాను వదలాలి. ఇంటి అడ్రసు ఇయ్యకండి. గేటు దగ్గరో, లింగంపల్లి స్టేషన్ దగ్గరో పట్టపగలు ఇద్దరు పోయి ఇయ్యండి. ఎవరి ఫ్లాట్‌లోకైనా సామాను చూడడానికి పోతే ఒక్కరే పోవద్దు.

పాత ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మేము ముట్టుకోము. లాభం ఎక్కువే, కాదనను. కానీ దొంగ సొత్తు అయితే కొన్నవాళ్ల మీదికి కూడా కేసు వస్తది, మన మాట ఎవరు వింటారు? ఎవరైనా కొనాలనుకుంటే ఫోన్‌లో స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ కొట్టండి, పదిహేను అంకెల నంబరు వస్తది. ఆ నంబరును ప్రభుత్వం వాళ్ల సంచార్ సాథీలో చూస్తే ఆ ఫోన్ పోయిందని ఎవరైనా రాయించి ఆపించిన్రా అన్నది తెలుస్తది. బిల్లు లేకుండా మాత్రం వద్దు.

ఇప్పుడు లెక్క. పోయిన నివేదికలో అచ్చయింది 38,000. అందులో నుండి ట్రాలీ, ఆటోలు 7,400. ఇస్త్రీ, సబ్బులు, కవర్లు 3,100. ఫోన్ రీచార్జి, పొదుపు వడ్డీ కలిపి 1,500. మోసంలో పోయినవి 4,500. అక్కకు ఇచ్చినవి 6,000. మొత్తం 22,500. అసలు మిగిలింది 15,500. ఐదుగురం పంచుకుంటే మనిషికి 3,100, అది కూడా ఏడాది మొత్తానికి. ఈ సంవత్సరం చిల్లర బట్టలు మానేసి, పిల్లల సామాను, వంటింటి సామాను ఎక్కువ చేసి, ట్రాలీ కిరాయి కొన్నవాళ్ల మీద పెట్టినాక, ఖర్చులన్నీ పోగా 31,200 మిగిలింది. మనిషికి 6,240, నెలకు 520. ఈ అంకెను మా సంఘం ఐదుగురూ కూర్చొని, చీటీలు ముందు పెట్టుకొని, సంతకాలు చేసి ఇచ్చినం.

నెలకు 520కి పని మానేసి దీని మీద పడకండి. ఇళ్లల్లో పని చేసుకుంటూ, పోయే దార్లోనే చేసుకునేది ఇది. లింకేజీ లోన్ దీంట్లో పెట్టొద్దని బ్యాంకు సార్ ముందే చెప్తున్నాను, సార్ ఏమీ అనుకోవద్దు. లోన్ వాయిదా నెల నెలా తప్పదు, పాత సోఫా ఏ నెలలో అమ్ముడుపోతదో ఎవరికీ తెల్వదు. మేము ఇప్పటికీ 5,000 తోటే తిప్పుతున్నం. సంఘం లోపలి పొదుపులో నుండి తీసుకోండి, అమ్మినాక కట్టండి, అప్పుడే రెండోది కొనండి. సామాను పెట్టుకునే జాగా మాకు ఇంకా లేదు. వార్డులో ఖాళీగా ఉన్న ఒక గది వారంలో రెండు రోజులు ఇప్పించాలని సమాఖ్యకు అర్జీ ఇచ్చినం. దాని మీద ఈ సభలో మాట్లాడాలని అధ్యక్షురాలిని అడుగుతున్నాను.

మా రిజిస్టర్ బయట బల్ల మీద పెట్టినం. కొన్న ధర, ఖర్చు, అమ్మిన ధర, లోపం ఏంది, ఎవరు ఇచ్చిన్రు, అడిగినమా లేదా అని ఆరు గడులు ఉన్నయి. కావాల్సినవాళ్లు ఫోటో తీసుకోండి. భోజనాల తర్వాత నేను, ఆ అక్క ఇద్దరం అక్కడే ఉంటం. ఈ విషయం సభలో చెప్పొచ్చా అని ఆమెను అడిగే చెప్పిన.